ఎర్ర పిడి పెట్రోలు

మార్చి 4

చిన్నోడా,

బస్సు పార్సిల్లో వచ్చిన అట్టపెట్టె విప్పగానే ముందు ఈ కాగితం చదువు, తర్వాతే డబ్బా సంగతి చూడు. ఫోను చేయొచ్చుగా అంటావు. ఫోనులో నువ్వు సగం విని "సరే అక్కా, సరే అక్కా" అంటావు, ఆ పక్కన ఇంకెవరితోనో మాట్లాడుతుంటావు. కాగితమైతే చచ్చినట్టు చివరిదాకా చదవాలి.

డబ్బా అంటే మన పికప్ ఇంజను కంప్యూటరు. నువ్వు చెప్పినట్టే ముందు బ్యాటరీ తీగ ఊడదీసి, నాలుగు బోల్టులూ విప్పి, పాత తువ్వాల్లో చుట్టి పెట్టాను. ఒక బోల్టు తుప్పు పట్టి నా తల ప్రాణం తోకకి తెచ్చింది. ఇది తిరిగొచ్చేదాకా బండి కదలదు, ఐసు వేరే కిరాయి బండిలో పంపుతున్నాను. మీ బావ మాత్రం పొద్దున్నే వెళ్లి కదలని బండిలో తన సీట్లో కూర్చుంటున్నాడు.

సంగతి నీకు తెలిసిందే, అయినా మళ్లీ చెప్తాను. ఐసు ఫ్యాక్టరీ కింద, పాల కేంద్రం కొండ మీద, మధ్యలో పదకొండు మలుపులు. నిండు లోడుతో మూడో మలుపు దగ్గర రెండో గేరుకి దిగితే ఇక పైదాకా అదే గేరు. గంటా నలభై నిమిషాలు పడుతోంది. గోనెలు కప్పినా, రంపపు పొట్టు పోసినా ఐసు కరుగుతూనే ఉంటుంది. పైన తూకం వేసి ఎంత మిగిలితే అంతకే కిరాయి ఇస్తారు. పాల కేంద్రం మేనేజరు మొన్న ముఖం మీదే చెప్పేశాడు, ఇలాగే ఉంటే జూన్ నుంచి ఈ కిరాయి డీజిల్ లారీ ఉన్నాయనకి ఇచ్చేస్తానని.

కిరాయి పోతే పోనీ, నాకు ఎక్కడో ఒకచోట పని దొరుకుతుంది. నా భయం మీ బావ గురించి. పక్షవాతం వచ్చి రెండేళ్లయింది. ఇంట్లో రోజు మొత్తానికి మూడు మాటలు మాట్లాడితే గొప్ప. అదే బండెక్కితే "గేరు మార్చు", "క్లచ్ మీద కాలు తియ్యి", "ఇప్పుడు తొక్కు" అంటూనే ఉంటాడు. ఐసు ఫ్యాక్టరీ కంప్రెసర్ గదిలో పన్నెండేళ్లు లెక్కలు రాసి ఆ హోరుకి నా చెవులు సగం పోయాయి కదా, ఇంజను ఏమంటోందో ఆయన వింటాడు, నేను తోలుతాను. మాట వచ్చే చోటు ఒక్కటి ఉన్నా చాలు, అది మాన్పించొద్దు, మానితే ఆ కాస్త మాటా మళ్లీ రాదు అంది డాక్టరమ్మ. ఆ చోటు ఈ బండే. అందుకే అడుగుతున్నాను, దీనికి కొండెక్కే బలం తెప్పించు.

అక్క

*

మార్చి 9

అక్కా,

చివరిదాకా చదివాను. రెండుసార్లు. ఇప్పుడు నువ్వు కూడా ఇది అలాగే చదువు.

డబ్బాలో ప్రోగ్రాం మార్చి తిరిగి పంపుతున్నాను. కంపెనీవాళ్లు ఎవరు ఏ పెట్రోలు పోసినా నడవాలని అన్నీ తగ్గించి పెడతారు. నేను పెట్రోలుని అంటించే స్పార్క్ పడే క్షణాన్ని కాస్త ముందుకు జరిపాను. దాంతో కింది గేర్లలో లాగే బలం బాగా వస్తుంది. కానీ దీనికి ఖరీదైన పెట్రోలే పోయాలి. మామూలు పెట్రోలుకి ఓర్పు తక్కువ, లోపల వేడికీ ఒత్తిడికీ స్పార్కు సంగతి చూడకుండా తనంతట తానే అంటుకుంటుంది. అలా అంటుకున్న ప్రతిసారీ పిస్టన్ నెత్తిన సుత్తి దెబ్బ పడుతుంది. ఖరీదైన రకం తన వంతు వచ్చేదాకా ఆగుతుంది.

పెట్రోలు రకాలకి నంబర్లుంటాయి, అవన్నీ చెప్పి నీ బుర్ర తినను. బంకులో ఎర్ర పిడి ఉన్న గొట్టంతో పోయించుకో, అంతే. మీ ఫ్యాక్టరీ పక్కన ఒంటి గొట్టం బంకులో మామూలుది ఒక్కటే ఉంటుంది, కాబట్టి హైవే మీద పెద్ద బంకుకే వెళ్లు. లీటరుకి ఆరో వంతు ఎక్కువ పడుతుంది, గుండె పట్టుకోకు. మైలేజీ కాస్త పెరుగుతుంది, కరగకుండా మిగిలే ఐసు కూడా కలుపుకుంటే గిట్టుతుంది. పొదుపు అని చెప్పి సగం ఇదీ సగం అదీ మాత్రం కలపకు.

ఇంకో సంగతి. ఇంజను అలా లోపల కొట్టుకుంటే పసిగట్టి స్పార్క్‌ని వెనక్కి లాగే సెన్సారు ఒకటుంది. ముసలి ఇంజన్లలో అది ఉత్త చప్పుళ్లకి కూడా ఉలిక్కిపడి బలం తగ్గించేస్తుంది. దాన్ని దాదాపు నోరు మూయించాను. మా షాపులో రేసు బళ్లన్నిటికీ ఇదే చేస్తాం.

రోజంతా బలం కొలిచే రోలర్ల మీద బళ్లు అరుస్తుంటే పక్కన లాప్‌టాప్ పట్టుకుని నిలబడి నా నడుం పడిపోతోంది. ఓనరు కుర్చీ కొంటానని రెండేళ్లుగా అంటున్నాడు. బావని అడిగానని చెప్పు. ఇంజను మూత మీద అరచెయ్యి ఆనించి వినడం నాకు నేర్పింది ఆయనే, మర్చిపోలేదు.

తమ్ముడు

*

మార్చి 17

చిన్నోడా,

నీ చేతులు చల్లగుండాలి. గంటా పది నిమిషాల్లో ఎక్కేశాం. మూడో మలుపులో నేను అలవాటుగా రెండో గేరు మీద చెయ్యి వేస్తే మీ బావ "వద్దు, ఉంచు" అన్నాడు. ఉంచాను. మూడో గేరులోనే లాగింది. పైన తూకం చూసి మేనేజరు కాటా పాడైందేమోనని తట్టి చూశాడు.

పెట్రోలు నువ్వు చెప్పినట్టే. ఆరు కిలోమీటర్లు వెళ్లి హైవే బంకులో పోయిస్తున్నాను. అక్కడ రెండు గొట్టాలు, ఒకటి ఎర్ర పిడి, ఒకటి నీలం పిడి. పైన అంటించిన కాగితం ఎండకి వెలిసిపోయింది. ఎర్రదేనా అని బంకువాడు అడిగాడు, ఎర్రదే, నిండా కొట్టు అన్నాను. నువ్వు ఆరో వంతు అని ఊరికే హడలగొట్టావు. మా ఒంటి గొట్టం బంకు కంటే పిసరంత ఎక్కువ, అంతే. ఆ కాస్తా నేను టీ మానేసి సర్దుకోగలను.

అసలు సంగతి చివర చెప్తున్నాను. దిగేటప్పుడు ఎనిమిదో మలుపులో మీ బావ ఉన్నట్టుండి "వాడికి నేనే నేర్పాను" అన్నాడు. వారానికి పైగా బండి లేక ఇంట్లో నోరు తెరవని మనిషి. నాకు ఏడుపొచ్చి బండి పక్కకి ఆపాను. ఎందుకు ఆపావని నన్నే కసురుకున్నాడు.

అక్క

*

మార్చి 22

అక్కా,

నీ ఉత్తరం షాపులో అందరికీ చదివి వినిపించాను, ఓనరు సహా. గంటా నలభై నుంచి గంటా పదికి అంటే ఆయన కూడా కళ్లద్దాలు తీశాడు.

ఎర్రది అంత చవగ్గా దొరకడం నీ అదృష్టం. మీ వైపు పన్ను తక్కువేమో. ఇక్కడ దాని ధర చూసి రేసు కుర్రాళ్లే వెనకాడుతున్నారు. దొరికినన్నాళ్లు నిండుగా పోయించుకో.

నేను ఎటూ రాలేను, పని నెత్తి మీదుంది. ఎండాకాలం దాటాక చూస్తాను.

తమ్ముడు

*

ఏప్రిల్ 5

చిన్నోడా,

కంగారు పడకుండా చదువు. వారం రోజులుగా మూడో మలుపు దగ్గర, నేను గట్టిగా తొక్కినప్పుడల్లా, మీ బావ ఎడమ అరచెయ్యి డాష్‌బోర్డు మీద ఆనించి "కొట్టుకుంటోంది" అంటున్నాడు. నాకు ఏమీ వినిపించదు, నా చెవుల సంగతి నీకు తెలుసు. ఎలా ఉందో చెప్పమంటే మాట దొరకలేదు. ఇంటికొచ్చాక మేకులున్న రేకు డబ్బా తీసి నా చెవి దగ్గర గలగలా ఆడించాడు. అలాగట. కాలు తీస్తే ఆగిపోతుందట.

మొన్న ఆయన నా మోకాలు పట్టుకుని "కాలు తియ్యి, కాలు తియ్యి" అన్నాడు. తీశాను. బండి రెండో గేరుకి దిగిపోయింది, పైకి చేరేసరికి గంటన్నర. మేనేజరు వాచీ చూసుకున్నాడు. ఈ నెలాఖరుకి ఏడాది కాంట్రాక్టు కాగితం ఎవరికి రాయాలో తేల్చుకుంటాడట.

పెట్రోల్లో ఏమైనా తేడా ఉందంటావా? ఎర్రదే పోయిస్తున్నాను, ఒక్క చుక్క వేరేది కలపలేదు. నువ్వు ఏం చెప్తే అది చేస్తాను. తొందరగా రాయి.

అక్క

*

ఏప్రిల్ 10

అక్కా,

ఎర్రదే పోయిస్తున్నావు కదా, ఇక పెట్రోలు తేడా అన్న మాటే లేదు. ఆ రకంతో ఈ ప్రోగ్రాంలో కొట్టుకోదు, నేను లెక్క చూసుకునే పెట్టాను. అది వాల్వుల చప్పుడు అయ్యుంటుంది, లేదా వెనక రేకు ఏదో అదురుతోంది.

ఇకముందు రాసేది ఆయనకి చదివి వినిపించకు. బావ మీద గౌరవం లేక కాదు. ఒకప్పుడు ఆయన చెవికి తిరుగులేదు. కానీ ఆ జబ్బు తర్వాత ఆయనకి వినిపించేవన్నీ నిజంగా ఉన్నవే అనుకోలేం. తల లోపల దెబ్బ తగిలిన మనిషి. లేని చప్పుడు ఉందంటాడు, మేకుల డబ్బా ఆడిస్తాడు, నువ్వు కాలు తీసేస్తావు, చేతికందిన కాంట్రాక్టు పోతుంది. ఆయన మాట పట్టించుకోకుండా తొక్కు.

కోపం తెచ్చుకోకు. మీ ఇద్దరి కోసమే చెప్తున్నాను.

తమ్ముడు

*

ఏప్రిల్ 24

చిన్నోడా,

నీ ఉత్తరంలో ఆ భాగం నాకు నచ్చలేదు. మీ బావకి చదివేటప్పుడు దాన్ని దాటేసి, వాల్వుల చప్పుడట, భయం లేదట అని మాత్రం చెప్పి, కాగితాన్ని అలమరలో పెట్టేశాను. మీ బావ గురించి మళ్లీ అలా రాయకు.

అయితే నువ్వన్నదే నిజమైనట్టుంది. ఆ మర్నాటి నుంచీ ఆయన శబ్దం ఊసే ఎత్తడం లేదు. నేను మూడో మలుపులో గట్టిగా తొక్కినా చెయ్యి ఒళ్లోనే పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. చప్పుడు పోయిందా అని అడిగితే తల ఊపాడు. ఎండలకో ఏమో, మాటలు కూడా కాస్త తగ్గించాడు. చల్లబడితే అదే సర్దుకుంటుంది.

ఇక మంచి మాట. మేనేజరు కాగితం నా పేరున రాశాడు, వచ్చే ఏప్రిల్ దాకా. గంటా అయిదు నిమిషాల్లో ఎక్కాను నిన్న. రెండేళ్ల తర్వాత నాకు కంటినిండా నిద్ర పట్టింది.

అక్క

*

మే 7

చిన్నోడా,

ఇంజను పోయింది.

సోమవారం ఆరో మలుపులో పెద్ద చప్పుడు, నాకు కూడా వినిపించింది. నూనె రోడ్డంతా పరుచుకుంది. లాక్కెళ్లడానికి మరో బండి దొరికేదాకా నాలుగు గంటలు ఎండలో ఉన్నాం. లోడంతా చక్రాల కిందనుంచి నీళ్లై పోయింది. మీ బావ సీటులోంచి దిగలేదు.

ఇక్కడి మెకానిక్ విప్పి చూపించాడు. రెండో పిస్టన్ నెత్తి చిల్లుపడి ముక్కలైంది, రాడ్డు విరిగి ఇంజను గోడని పొడిచేసింది. ఏ పెట్రోలు పోశావమ్మా అన్నాడు. ఖరీదైనది, ఎర్రది అన్నాను. ఆయన నా వంక అదోలా చూసి, ఈ చుట్టుపక్కల ఎర్ర పిడి అంటే మామూలు పెట్రోలు, ఖరీదైనది నీలం పిడి అన్నాడు. ఊరు మారితే రంగు మారుతుందట, అందుకే నంబరు చూసి పోయించుకోవాలట.

నంబరు చెప్తే నా బుర్ర తిన్నట్టవుతుందనుకున్నావు కదరా. పన్నెండేళ్లు ఫ్యాక్టరీలో టన్నుల లెక్క రాసిన దాన్ని. రెండంకెల నంబరు చదవలేకపోయేదాన్నా? వెలిసిపోయిందంటే బంకువాడిని అడిగేదాన్ని.

కోపంతో రాస్తున్నాను, రాసి ఉంచుకోలేక పంపుతున్నాను. మీ బావ సోమవారం నుంచి ఒక్క మాట మాట్లాడలేదు.

అక్క

*

మే 12

అక్కా,

ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపాను.

ధర పిసరంతే ఎక్కువ అని నువ్వు మార్చిలోనే రాశావు. ఆ ఒక్క మాటకే నాకు అనుమానం రావాలి. పెట్రోలు ధరలు రోజూ చూసేవాణ్ణి. నా పనితనం చూసి మురిసిపోతూ పన్ను తక్కువేమో అనుకున్నాను. ఇక్కడ మా షాపు చుట్టూ ఉన్న బంకులన్నిటిలో ఎర్రదే ఖరీదైనది. వేరేచోట వేరేలా ఉంటుందని తట్టనే లేదు.

దానికంటే పెద్ద తప్పు ఇంకోటి చేశాను. సెన్సారుని దాని మానాన వదిలేసి ఉంటే, మామూలు పెట్రోలు పోసినా అదే స్పార్క్‌ని వెనక్కి లాగేది. బలం తగ్గేది, బండి బతికేది. రేసు బండి యజమాని ఇంజను పోతే ఇంకోటి వేయించుకుంటాడు. మీ బండికి కూడా అదే అలవాటుగా చేసేశాను. సెన్సారు నోరు మూశాక వినడానికి మిగిలింది బావ ఒక్కడే. ఆయన విన్నాడు. మేకుల డబ్బా ఆడిస్తే ఎలా ఉంటుందో సరిగ్గా అలాగే ఉంటుంది ఆ చప్పుడు. నేను రోజూ వినే చప్పుడే.

ఒక పాత ఇంజను చూసి పెట్టాను. రెండు వారాల్లో తీసుకుని వస్తాను, నా చేతులతో బిగిస్తాను. అప్పటిదాకా బండిని ఎవరికీ ఇవ్వకు.

తమ్ముడు

*

మే 25

చిన్నోడా,

ఇంజను తేవద్దు. నీ ఉత్తరం వచ్చేసరికే బండి వెళ్లిపోయింది. ఈసారి కిరాయి బండి కూడా దొరక్క, అయిదు రోజులు ఐసు అందక పైన పాలు విరిగిపోయాయి. మేనేజరు నా కాగితం రద్దు చేసి లారీ ఆయనకి రాశాడు. ఆయన్ని ఏమనగలను? పని లేని బండికి ఇంజను దేనికి? పాత ఇనుము కొనేవాడు గొలుసు కట్టి లాక్కెళ్లాడు.

లాక్కెళ్లే ముందు లోపల సామాను తీస్తుంటే మీ బావ పక్క తలుపు అరలో ఒక కాగితం దొరికింది. నీ ఏప్రిల్ ఉత్తరం. అలమరలోంచి ఎప్పుడు తీసుకున్నాడో నాకు తెలియదు. ఎడమ చేత్తో మడిచినట్టున్నాడు, వంకరగా ఉంది. నేను దాటేసిన ఆ భాగమే పైకి కనిపించేలా మడిచి ఉంది. ఆయన చదవగలడు, నెమ్మదిగా, ఒక్కో మాటా. ఆ సంగతి నువ్వూ నేనూ ఇద్దరం మర్చిపోయాం.

శబ్దం తగ్గలేదురా. ఆయనే చెప్పడం మానేశాడు. ప్రతిరోజూ ఆ మూడో మలుపులో అది కొట్టుకుంటుంటే వింటూ, చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన ఊరుకుంటే నేను బాగైందనుకుని ఇంకా గట్టిగా తొక్కాను. హాయిగా నిద్ర పట్టిందని నీకు రాశాను కూడా. రంగు తప్పు నీది, ఇది మాత్రం నాది.

మాట వస్తుందేమోనని మొన్న ఆయన్ని పక్కింటాయన కారులో ముందు సీట్లో కూర్చోబెట్టి కొండ దాకా తీసుకెళ్లాను. నిన్న బస్సులో డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాం. గేరు మారినప్పుడల్లా ఆయన ముఖం చూశాను. బస్సులో అందరూ దిగుతుంటే తనూ దిగాడు.

అక్క

*

జూన్ 2

బావా,

ఈ ఉత్తరం నీకే. అక్క చదివి వినిపిస్తే విను, లేదా నువ్వే చదువుకో.

నువ్వు విన్నది నిజం. నేను రాసింది తప్పు. నీ తల గురించి నేను రాసిన ఆ మాట ఏ మనిషి గురించీ రాయకూడనిది, నీ గురించి అసలే రాయకూడనిది. నాకు పని నేర్పిన చెవిని నేనే నమ్మలేదు.

నన్ను తిట్టు బావా. అక్కకి చెప్పి రాయించు. పెద్ద తిట్టు అక్కర్లేదు, నేను స్పానరు తప్పు సైజుది అందించినప్పుడు అనేవాడివే, "చవటా" అని, అదొక్కటి చాలు. నువ్వన్నావని అక్క రాస్తే శనివారం బస్సెక్కి వచ్చేస్తాను.

నీ బావమరిది

*

జూన్ 14

చిన్నోడా,

నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. ఈసారి ఏదీ దాటేయలేదు. విన్నాడా లేదా అని అనుమానమొచ్చి మళ్లీ మొదటినుంచి చదివాను. విన్నాడు. చదవడం అయ్యాక చెయ్యి చాపితే కాగితం ఇచ్చాను. చూడకుండానే తిరిగి నా చేతిలో పెట్టాడు. కోపంగా ఉన్నట్టు కూడా లేడు. కోపమైతే నేను సంతోషించేదాన్ని.

చవటా అని ఆయన అన్నాడని నీకు రాసేద్దామా అని రెండు రోజులు ఆలోచించాను. నువ్వు బస్సెక్కి వస్తావు, నీకు మనసు తేలికవుతుంది. కానీ ఆయన అనని మాట అన్నాడని నేను ఎలా రాయను? ఆయన అన్న మాటకే మనం విలువ ఇవ్వలేదు.

నాకు బట్టల మిల్లులో తూకం దగ్గర పని దొరికింది. పొద్దున్న వెళ్లేటప్పుడు ఆయన్ని కిటికీ పక్కన కూర్చోబెడతాను. సాయంత్రం వచ్చేసరికి అక్కడే ఉంటాడు. రోడ్డు మీద బళ్లు పోతుంటాయి, ఆయన వాటివైపు చూడడు.

నిన్న డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. మీ పేరేంటో చెప్పండి అని అడిగింది. చాలాసేపు ఆగింది, ఇంకోసారి అడిగింది, చెప్పగలరు చెప్పండి అంది. ఆయన నా వంక చూశాడు. చివరికి నేనే చెప్పాను.

ఇకమీదట ఉత్తరం నా పేరునే రాయి.

అక్క